రోజుకి టన్ను చెత్త

72వ రోజు. బరువు: 638 కిలోలు.

బరువు టన్నుకు తగ్గితే నేను దిగడానికి బండి తలుపు తెరుచుకోదు. కారణం రాయమంటుంది. నూటయాభై మాటలకు ఒక్క మాట తగ్గినా "వివరణ అసంపూర్ణం" అని వార్తలు చదివే గొంతుతో అంటుంది. మొదట్లో "చెత్త లేదు చెత్త లేదు" అని డెబ్భై అయిదు సార్లు కొట్టాను. అది ఒప్పుకోలేదు. తిట్లు రాశాను, ఒప్పుకుంది. బండికి తిట్టు తెలీదు గానీ లెక్క తెలుసు. కాబట్టి ఏదో ఒకటి రాస్తాను. అయిదేళ్లలో ఈ రాతలు చదివినవాడు పుట్టలేదు.

నా పేరు గౌరీశ్వరి. పైడివలసకి చెత్తబండి డ్రైవర్ని. ఊరివాళ్లు గౌరి అంటారు, కోపంలో ఉంటే గౌరమ్మ అంటారు. పొద్దున్న ఆరింటికి పదకొండు వీధులూ తిరిగి, ఊరి చివర కాటా మీద బండి నిలబెడతాను. కాటా పక్క జల్లెడ యంత్రం చెత్తని మింగేస్తుంది. బరువు తిన్నగా రాజధానికి పోతుంది.

ఈ రోజు కారణం ఏమిటంటే, చెత్త లేదు. ఎర్నమ్మ పిన్ని కుండీలో రెండు ములక్కాడ పిప్పులున్నాయి. "తప్పైపోనాది గౌరీ, రేపు ఎక్కువేస్తాను" అని మొహం చిన్నబుచ్చుకుంది. ఎక్కణ్ణించి వేస్తుంది? జూట్ మిల్లు మూతపడి పద్నాలుగేళ్లయింది. కొత్తవి కొనే దిక్కు లేదు. ఉన్నవి పాడైతే మిల్లు గేటు దగ్గర సూరప్పడు మేస్త్రి షెడ్డు ఉంది. మేస్త్రి ఆ మిల్లులో ఫిట్టరు. మగ్గాలు ఆగిపోయాక చేతులు ఊరుకోక ఫ్యాన్లు విప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు షెడ్డులో నలభై మంది ఉన్నారు. ఫ్యానూ, మిక్సీ, పంపూ, పళ్లసెట్టూ, ఏదైనా సరే. డబ్బు అడగరు. బియ్యం ఇస్తే తీసుకుంటారు, లేదంటే నీ చేతనైన పని చేసిపెట్టమంటారు.

అందుకని ఈ ఊళ్లో ఏదీ చెత్త అవదు. అదే మా ప్రాణాల మీదికి వచ్చింది. ఇంతటితో నూటయాభై దాటే ఉంటాయి. తలుపు తియ్యవే తల్లీ.

74వ రోజు. బరువు: 611 కిలోలు.

నోటీసు వచ్చింది. వాడకం చట్టం ప్రకారం, పారేసే ఊరే కొనే ఊరు, కొనే ఊరే బతికున్న ఊరు. మా ఊరికి తొంభై రోజుల గడువట, బండి వేస్తున్న ఈ రోజుల లెక్క అదే, నోటీసు చేరేసరికే డెబ్భై నాలుగు పోయాయి. ఆ లోపల వరసగా ఏడు రోజులు టన్ను దాటాలి. లేకపోతే మడత.

మడత అంటే ఏమిటో ఇక్కడ నాకొక్కదానికే తెలుసు. మా రాతిగట్టుని తొమ్మిదేళ్ల క్రితం మడత పెట్టారు. నీళ్ల గొట్టం బిగించేస్తారు, కరెంటు తీసేస్తారు, బస్సులు వస్తాయి. మనిషికి రెండు సామాన్లు. నేను ఒక పెట్టె, ఒక రుబ్బురోలు పట్టుకున్నాను. బస్సులో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, అది మా ఇంటి పెరట్లో పాతి ఉన్న రోలు, గునపంతో తవ్వి తీశాను. తర్వాత నాలుగేళ్లు బస్తీ మేడల్లో ఇరవై మూడో అంతస్తులో ఉన్నాను. అక్కడ రోలు పాతడానికి నేలేదీ? పైడివలసలో డ్రైవరు ఖాళీ ఉందంటే ఎగిరి గంతేసి వచ్చాను. వచ్చి అయిదేళ్లయినా రోలు గోనెసంచిలోనే ఉంది. మళ్లీ ఎప్పుడు లేవమంటారో అని పాతలేదు. ఇంకోసారి బస్సెక్కే ఓపిక నాకు లేదు. ఇది మాత్రం నిజం.

పొద్దున్నే షెడ్డులో ఊరంతా కూడింది. వార్డు ప్రెసిడెంటు గవరయ్య నోటీసు చదివాడు. ఆ తర్వాత ఎవరికి తోచిన పరిపాలన వాళ్లు చేశారు. మిల్లు మళ్లీ తెరవమని అర్జీ పెడదామని ఒకరు, ఊరి పేరు మారిస్తే గడువు మళ్లీ మొదలవుతుందని ఇంకొకరు, మంత్రిగారి చుట్టాన్ని అల్లుణ్ణి చేసుకుందామని మరొకరు.

నేను లేచి అన్నాను. "ఊరు బతికుందో లేదో చూడ్డానికి కుండీలోకి తొంగి చూస్తారేటి? పొయ్యి మీదకి చూడాల. షెడ్డు నుంచి రోజుకి ఎన్ని వస్తువులు బాగుపడి బయటికెల్తన్నాయో అవి కాటా వెయ్యమందాం."

గవరయ్య చెయ్యి ఊపేశాడు. "నీ ఆలోసన బాగుంది గౌరమ్మా. ఎవలికి సెప్తావు, ఆ బండికా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది గానీ, ఎవరికి చెప్పాలో నాకూ తెలీదు. చివరికి తీర్మానం ఏమిటంటే, పై సోమవారం నుంచి ఇంటికొక బరువైన వస్తువు పారెయ్యాలి.

సూరప్పడు మేస్త్రి ఒక్కడే తల అడ్డంగా తిప్పాడు. "పారీడం మనవాళ్లకి రాదు" అన్నాడు.

77వ రోజు. బరువు: 587 కిలోలు.

నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. ఏడుపే దగ్గర్లో ఉంది.

పొద్దున్న కుండీలు చూసి నా కళ్లు చల్లబడ్డాయి. ఇనప మంచాలు, సైకిళ్లు, తలుపు రెక్కలు, గవరయ్య ఇంటి ముందు ఏకంగా బీరువా. మొదటి మూడు వీధులకే బండి నిండిపోయింది. ఈ లెక్కన పద్నాలుగు వందల కిలోలు ఖాయం అనుకుని కూనిరాగం కూడా తీశాను.

నాలుగో వీధిలో ఎర్నమ్మ పిన్ని బండికి అడ్డంగా నిలబడింది.

"ఓలమ్మో! ఆ ఫ్యాను పారీసినోడెవడే? రెక్క ఒకటే కదా వంగినాది!"

"పిన్నీ, పారెయ్యాలని కదా తీర్మానం. నువ్వూ చెయ్యెత్తావు."

"ఎత్తినాను. నా కుర్చీ పారీసినాను కూడా. కానీ ఆ ఫ్యాను బాగున్నాది కదే!" అంటూ డెబ్భై ఏళ్ల మనిషి బండెక్కి ఫ్యాను దింపేసుకుంది.

అయిదో వీధివాళ్లు ఎర్నమ్మ కుర్చీ దింపుకున్నారు. ఆరో వీధివాళ్లు సైకిళ్లు దింపుకున్నారు. బండి నడిచే వేగంతోనే పోతుంది, ఎంత అదిలించినా ఉరకదు. ఒక వీధిలో ఎక్కింది తర్వాతి వీధిలో దిగిపోయింది. తీర్మానం మర్చిపోయారని కాదు. ప్రతివాళ్లూ తమ వస్తువు పద్ధతిగా పారేశారు. పక్కవాడి వస్తువు పాడైపోతుంటే మాత్రం చూడలేకపోయారు. పైగా ప్రతివాళ్లూ "నేను ఒక్కటే కదా తీసుకున్నాను" అన్నవాళ్లే. గవరయ్య బీరువాని పదో వీధిలో ఆరుగురు మోసుకుపోయారు. కాసేపటికి గవరయ్యే ఒక కుట్టుమిషన్ బల్ల భుజాన వేసుకుని ఎదురొచ్చాడు. నన్ను చూసి తల తిప్పేసుకున్నాడు.

కాటా మీదకి వెళ్లేసరికి మామూలు కంటే తక్కువ తూగింది. ఎందుకంటే ఎప్పుడూ వేసే పాత గోనెపట్టాలు కూడా బీరువా కింద పరుచుకోడానికి పట్టుకుపోయారు.

మేస్త్రి షెడ్డు మాత్రం కిటకిటలాడిపోతోంది. ఊరి సామానంతా అక్కడే ఉంది.

80వ రోజు. బరువు: 1,043 కిలోలు.

వివరణ అవసరం లేదంది బండి. తలుపు దానంతటదే తెరుచుకుంది. "అభినందనలు" అని కూడా అంది.

81వ రోజు. బరువు: 604 కిలోలు.

నిన్నటిది దొంగ బరువు. బండి అడుగున తడి ఇసక పోశాను. నాలుగు వందల కిలోల పైమాటే. సముద్రం ఒడ్డు నుంచి నేనే మోశాను, ఎవరికీ చెప్పలేదు, ఇందులో ఎవరి చెయ్యీ లేదు.

ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే మా పాత డ్రైవరే గుర్తొచ్చాడు. రాతిగట్టులో మా డ్రైవరు ఇదే పని చేశాడు. చెత్త కింద రాళ్లు వేసేవాడు. నాలుగో రోజుకి జల్లెడ పట్టేసింది. గడువు ఇంకా నెల ఉండగానే ఊరిని మడత పెట్టేశారు, మా మాట వినేవాడే లేకుండా పోయాడు. ఆ డ్రైవరుని నేను తొమ్మిదేళ్లుగా తిడుతున్నాను. ఇప్పుడు నేను చేసిందేమిటి? వాడు చేసిందే. ఛీ.

ఈ రోజు ఇసక పొయ్యలేదు. ఏడు రోజుల వరస పోయింది, పోనీ. ఈ రాత ఎవరైనా చదివితే నా లైసెన్సు తీసెయ్యండి, ఊరిని ఏమీ అనకండి. ఎవరూ చదవకపోతే దేవుడికి చెప్పుకున్నట్టు.

ఇంకో సంగతి. నిజమైన బరువు వెయ్యాలనిపించి, నా రోలు గోనెసంచితో సహా బండిలో పడేశాను. పొత్రంతో కలిపి నలభై ఆరు కిలోలు. రాతిగట్టులో మిగిలింది నాకు అదొక్కటే. కానీ ఊరు నిలబడకపోతే రోలు పెట్టుకుని ఏం చేసుకుంటాను?

కాటా దగ్గర చూస్తే బండిలో రోలు లేదు. ఏ వీధిలో దిగిపోయిందో తెలీదు. అడిగితే అందరూ ఆకాశంలోకి చూస్తున్నారు. ఈ ఊరికి దణ్ణం.

84వ రోజు. బరువు: 597 కిలోలు.

రాజధాని నుంచి అధికారి వస్తున్నాడట, ఎనభై ఎనిమిదో రోజున. "డ్రైవరు వివరణల విషయమై" అని రాసి ఉంది.

వెళ్లి గవరయ్యకి ఇసక సంగతి చెప్పేశాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఇసక పొయ్యడం ఒక తప్పు. పోస్తే పోసినావు, అది రాసుకోడమేటి గౌరమ్మా? నీ సేత్తో నువ్వే రాసిచ్చీసినావా?"

"బండి తలుపు తెరవదు, నూటయాభై మాటలు రాయాలి" అన్నాను.

"వాన పడింది అని రాయొచ్చు కదా!"

"నూటయాభై సార్లా?"

ఆయన తల పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. కాసేపటికి వాళ్లావిడతో నాకు మజ్జిగ ఇప్పించాడు. తిట్టిన నోటితోనే "తాగు, మొహం పీక్కుపోనాది" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

88వ రోజు. బరువు: 622 కిలోలు.

అధికారి పేరు ముకుందరావు. యాభై దాటి ఉంటాయి. తిన్నగా నా బండి దగ్గరికి వచ్చి, పక్క సీట్లో ఎక్కి, "పదండమ్మా, మీతో పాటు తిరుగుతాను" అన్నాడు. ఒళ్లో కాగితాల కట్ట ఉంది. ఓరగా చూస్తే పైన "తలుపు తియ్యవే తల్లీ" అని కనిపించింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"అవన్నీ చదివారా సారూ? తిట్లు కూడానా?"

"అన్నీ చదివాను. మామూలుగా ఎవరూ చదవరు. యంత్రం చదివి, వానా పండగా సమ్మే, ఇలా పన్నెండు కారణాల్లో ఒకదాంట్లో పడేస్తుంది. మీవి దేంట్లోనూ పడలేదు. అర్థం కావడం లేదని నాకు పంపింది." ఆయన కాగితాల కట్ట సర్దుకున్నాడు. "రాతిగట్టు ఫైలు మీద సంతకం నాదే."

బ్రేకు తొక్కాను. చెప్పాలనుకున్నవి తొమ్మిదేళ్లుగా కడుపులో ఉన్నాయి, ఒక్కటీ వరసలో రాలేదు. "మీరు ఆ ఊరెప్పుడైనా చూశారా?" అని మాత్రం అడిగాను.

"లేదు. అంకెలు చూసి పెట్టాను."

"రెండు వేల మందిమి సారూ. మా కామాక్షక్క బస్సులో ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోయింది. మీరు అంకెలు చూసి పెట్టారు!"

ఆయన సర్దిచెప్పలేదు. "అందుకే ఈసారి వచ్చాను" అన్నాడు. నాకు కోపం తగ్గలేదు. కానీ బండి ముందుకి కదిలించాను.

నాలుగో వీధిలో ఎర్నమ్మ పిన్ని కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆయన సంచి లాక్కుంది. "జిప్పు ఊడిపోతే పిన్నీసు పెట్టుకు తిరుగుతున్నారేటి బాబూ? పెద్ద ఉద్యోగం కదా!" అని పట్టుకుపోయింది. అందులో మా ఊరి ఫైలుంది. ఆయన నోరు తెరిచేలోగా పిన్ని షెడ్డు దారి పట్టింది.

మేమూ వెనకే షెడ్డుకి వెళ్లాం. ఆయన గంటసేపు నిలబడి చూశాడు. తర్వాత మేస్త్రిని అడగనే అడిగాడు. "మీరంతా ఇలా బాగుచేసుకుంటూ పోతే కొనేదెవరు? ఎక్కడో ఒక ఫ్యాక్టరీ ఆగిపోతుంది. అక్కడి పనివాళ్ల గతేమిటి?"

మేస్త్రి చేతిలో పంపు కింద పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు. "మంచి మాటే అడిగినారు బాబూ. మా మిల్లు ఆగినప్పుడు మమ్మల్ని ఎవలూ అలా అడగనేదు. ఆ పనివాళ్లని ఇక్కడికి పంపండి, పని నేర్పుతాం. మీ నగరంలో పారీసిన సామాను కూడా పంపండి. మాకు ఇక్కడ సామాను సాలడం నేదు, సేతులు ఖాళీగున్నాయి."

ఆయన నా వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

ఎవరికి చెప్పాలో తెలీని మాటకి ఇప్పుడు అడిగే మనిషి దొరికాడు. చెప్పేశాను. "నా బండి నిండుగా వెళ్లి ఖాళీగా వస్తుంది సారూ. ఖాళీగా వెళ్లి నిండుగా రానివ్వండి. ఈ షెడ్డు గుమ్మంలో ఇంకో కాటా పెట్టండి. మేం ఎంత పారేశామో ఒక పక్క, ఎంత నిలబెట్టామో ఒక పక్క, రెండూ తూచండి. అప్పుడూ తక్కువైతే మడత పెట్టుకోండి, నేనే బస్సు తోలతాను."

ఆయన చొక్కా చేతులు మడిచి, మేస్త్రి దగ్గరున్న పాత మిల్లు కాటా గుమ్మంలో పెట్టించుకుని స్టూలు మీద కూర్చున్నాడు. బాగుపడి బయటికెళ్లే ప్రతి వస్తువూ తూచాడు. పాపం భోజనానికి కూడా లేవలేదు, ఎర్నమ్మ పిన్నే పళ్లెం తెచ్చి ఒళ్లో పెట్టింది. మనవాళ్లు మొన్న పారేసిన బీరువా, మంచాలు, సైకిళ్లు, అన్నీ ఒక్కటొక్కటే ఆ గుమ్మం దాటాయి. సాయంత్రం అయిదింటికి పదకొండు వందల డెబ్భై కిలోలు తేలింది. చివరి రెండు కిలోలూ ఆయన సంచి. కొత్త జిప్పుతో వచ్చింది, లోపల ఫైలు కూడా భద్రంగా ఉంది.

ఆయన జిప్పు లాగి చూసుకున్నాడు, మళ్లీ లాగాడు. ఏమీ హామీ ఇవ్వకుండా వెళ్లిపోయాడు.

90వ రోజు. బరువు: 609 కిలోలు.

వచ్చింది! ఉత్తర్వు వచ్చింది!

పొద్దున్న తొమ్మిదింటికి కాటా దగ్గర ఉండగా బండే చదివింది, అదే వార్తల గొంతుతో. పైడివలస మడత నిలిపివేయడమైనది. ఏడాది పాటు రెండు కాటాల పద్ధతి పరీక్షించబడును. పారేసినదీ, బాగుచేసినదీ కలిపి చూడబడును. నగరం నుంచి వారానికి మూడు సార్లు పాడైన సామాను పంపబడును. మడత జాబితాలో ఉన్న ఇంకో పదిహేడు ఊళ్ల మడత కూడా ఈ ఫలితం వచ్చేదాకా ఆపడమైనది.

పదిహేడు ఊళ్లు! నేను స్టీరింగు మీద తల పెట్టి కూర్చుండిపోయాను. ఛాతీ మీదనుంచి ఎవరో బండరాయి దింపినట్టుంది. గట్టిగా ఊపిరి పీల్చి ఎన్నాళ్లయిందో.

చివర నా గురించి కూడా ఉంది. ఇసక పోసినందుకు డ్రైవరు గౌరీశ్వరి రేపటి నుంచి పదిహేను రోజులు బండి తోలరాదు. ఇంత సంతోషంగా శిక్ష పడినదాన్ని నేనొక్కదాన్నే అయివుంటాను.

గవరయ్యకి చెబితే ఆయన నమ్మక, కాటా దగ్గరికొచ్చి బండి చేత మూడు సార్లు చదివించుకున్నాడు. ఆ తర్వాత మైకు పట్టుకుని వీధివీధికీ పోయాడు. మధ్యలో మైకు చెడిపోయింది. సంగతి ఊరంతటికీ తెలియడానికి మధ్యాహ్నం అయింది, మేస్త్రి ముందు మైకు బాగుచేశాడు.

91వ రోజు. బండి కదల్లేదు.

నేను తోలకూడదు. ఎక్కి కూర్చోకూడదని మాత్రం ఎవరూ అనలేదు. తలుపు తెరుచుకునే ఉంది. వివరణ ఎవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను, అలవాటైపోయింది. ముకుందరావు సారూ, ఇది మీరు చదువుతారని తెలుసు. రాతిగట్టు విషయంలో మిమ్మల్ని నేనింకా క్షమించలేదు. కానీ మీరు వచ్చారు, ఆ మాట కూడా రాసిపెడుతున్నాను.

నిన్న ఊరేగింపూ అదీ అయి ఇంటికెళ్లేసరికి పెరటి గుమ్మం దగ్గర ఎర్నమ్మ పిన్నీ, సూరప్పడు మేస్త్రీ ఇద్దరూ దొంగల్లా నిలబడి ఉన్నారు. మేస్త్రి చేతికి సిమెంటు.

నేలలో నా రోలు ఉంది. అరిగిపోయిన గుంటకి ఉలితో కొత్తగా గాట్లు పెట్టారు. పొత్రం కడిగి పక్కన పెట్టారు. చుట్టూ సిమెంటు నున్నగా మెత్తారు.

"అడక్కుండా ఎవరు పాతమన్నారు?" అని అరిచాను.

"నువ్వు పారీసినావు కదేటి" అన్నాడు మేస్త్రి తీరిగ్గా. "పారీసిన దాన్ని ఎవలైనా బాగుసేసుకోవచ్చు."

"ఆ రోజే దింపీసినాం" అంది పిన్ని. "ఊరుంటాదో పోతాదో తెలీక ఇన్నాళ్లూ పాతనేదు. మొన్న ఆ బాబు కొత్త జిప్పు మళ్లీ మళ్లీ లాక్కోడం సూసినాను. అప్పుడే ఊరుంటాదని తెలిసి మేస్త్రికి సిమెంటు తెచ్చుకోమని సెప్పినాను."

నేను వంగి రోలుని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాను.

"కదల్దులే" అన్నాడు మేస్త్రి. "కదిలించాలంటే మళ్లీ గునపం కావాల. మా షెడ్డులో గునపం అడిగితే ఇవ్వం."

నేల మీద చతికిలబడి కాసేపు ఏడ్చాను. పిన్ని నా పక్కన కూర్చుంది. తర్వాత, సిమెంటు ఆరడానికి ఒక రోజు పడుతుందని మేస్త్రి చెబితే, లేచి వెళ్లి ముగ్గురికి సరిపడా మినప్పప్పు కొలిచి పెట్టుకున్నాను. ఈ రోజు సాయంత్రం నానబెట్టాలి.